లంకాకు స్తోత్రం

గోదావరి ఏటా తన లంకల్ని తానే ముంచి, మళ్లీ తానే తేలుస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్లు గట్లు ఒరుసుకుంటూ వస్తాయి. పాకలు మునుగుతాయి, అరటితోటలు మునుగుతాయి, పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకుపోతారు. 1986 ఆగస్టు వరదను కళ్లారా చూసినవాళ్లు ఆ నీటి పేరెత్తితే ఇప్పటికీ దణ్ణం పెడతారు. వరద తీశాక నిరుటి నేల కనబడదు. దాని మీద ఒండ్రు మేటవేసి ఉంటుంది. నాసిక్ పక్కన త్ర్యంబకంలో పుట్టిన నది దక్కను నేలలన్నీ కడుగుతూ వచ్చి, సముద్రంలో కలవబోయే ముందు దించిపోయిన బరువు అది. ఆ బరువులో వేరు పెట్టి పెరిగినదానివి నువ్వు. లంక పొగాకు చుట్టా, నీకు నమస్కారం.

నేను నూజివీడు వాణ్ణి. మాది ఎర్రనేల, మా ఇలవేల్పు మామిడి. చిన్నరసాలు, పెద్దరసాలు, చెరుకురసాలు, బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, కలెక్టరు కాయ. ఆగిరిపల్లి నుంచి విస్సన్నపేట దాకా, ముసునూరు నుంచి మైలవరం దాకా ఎటు చూసినా తోటలే. అలాంటి ఊళ్లో పుట్టినవాడు పొగాకును పొగడటమేమిటని ఎవరైనా అడగవచ్చు. రుచి అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది రసం. ఆ చదువు ముగించింది నువ్వు. ఇద్దరూ చెప్పింది ఒకే పాఠం. ఏటికి ఒక్కసారే పండుతాను, నా నేల మారితే నేను నేను కాను, తొందరపడేవాడికి దక్కను.

మే నెలలో మా తోటలకు రాత్రి నిద్ర ఉండదు. పగలల్లా చిక్కాలతో కాయ దించుతారు. తొడిమ దగ్గర కారిన సొన ఆరనిస్తారు, గడ్డి పరిచి పేరుస్తారు, తెల్లవారేసరికి లోడు నున్న మార్కెట్టు దారి పట్టాలి. కాయ ఇంకా చెట్టు మీదే ఉన్న తోటకు కాపలా తప్పదు. పాక ముందు నులకమంచం, మంచం కింద కుక్క, కాపలా తాత రుమాలు ముడిలో పొగాకు కట్ట. చీకట్లో ఎర్రగా వెలిగి మసకేసే ఆ నిప్పును చూసి పక్క తోట వాడు ఇక్కడ మనిషి మేలుకునే ఉన్నాడని ధైర్యపడతాడు, గోడ దూకబోయిన దొంగ ఆగిపోతాడు. పూత మీద తోట కొన్న ఆసామి నమ్మకమంతా ఆ వేలెడు నిప్పు మీదే. మా మామిడిని తెల్లవార్లూ కాచిన దీపానివి నువ్వు.

నీ పుట్టుక ఎంత చిన్నది! గ్రాము పొగాకు విత్తనంలో 10,000కు పైగా గింజలుంటాయి. చేత్తో చల్లితే ఎక్కడ పడిందో కంటికి ఆనదు కాబట్టి ఇసుక కలిపి నారుమడిలో చల్లుతారు. వరద పూర్తిగా తీసి నేల నడవనిచ్చాక నారు తీసి లంకలో నాటుతారు. మొక్క మొగ్గ వేయబోయే వేళకు రైతు దాని తల తుంచుతాడు. పక్కల నుంచి పిలకలు లేస్తే వాటినీ గిల్లేస్తాడు. పూలకూ గింజకూ పోవలసిన సారమంతా ఆకులోకి మళ్లుతుంది. ఆకు వెడల్పవుతుంది, మందమవుతుంది, ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంటుంది. సంతానం మీది ఆశను విడిచిపెట్టిన మొక్క ఆకులో ఇంత పొగరు ఉండటం న్యాయమే.

కోసిన ఆకును తోరణాలు కట్టి పందిళ్ల మీద వేలాడదీస్తారు. పగలు ఎండ, రాత్రి మంచు. పగటి ఎండకు పెళుసై ముట్టుకుంటే పొడయ్యే ఆకు తెల్లవారుజామున మంచుకు పదునెక్కి గుడ్డముక్కలా మెత్తబడుతుంది. పొగాకు పని తెలిసినవాళ్లంతా ఆ పదును వేళకే లేచి ఆకు దించుతారు. తర్వాత ఆకును కుప్పగా పేర్చి మండె కడతారు. మండెలో ఆకు తన వేడికి తానే ఉడుకుతుంది. చెయ్యి లోపలికి పెట్టి చూసి, వేడి మీరితే మండె విప్పి, పై ఆకు కిందికీ కింది ఆకు పైకీ మార్చి మళ్లీ కడతారు. ముక్కు మండించే అమ్మోనియా ఘాటు రోజురోజుకీ తగ్గుతుంది. ఆకు ఆకుపచ్చను మరిచి, పసుపును దాటి, కాఫీగింజ రంగుకు దిగుతుంది. ఈ పనికి గడియారం లేదు, కొలబద్ద లేదు. చెయ్యి చెప్పాలి, ముక్కు ఒప్పుకోవాలి.

మాకు అటువైపు జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టల్లో పండేది వర్జీనియా. దాని దారి వేరు. బ్యారన్‌లో పొయ్యి పెట్టి కొద్దిరోజుల్లో ఆకును పచ్చని పసుపుకు తెస్తారు. లోపలి తీపి లోపలే నిలిచిపోతుంది, సిగరెట్టుకు అదే కావాలి. నీలో తీపి నెలల తరబడి మెల్లగా ఖర్చయిపోతుంది. అందుకే సిగరెట్టు పొగ ఆమ్లగుణంతో ఊపిరితిత్తుల దాకా దిగుతుంది, నీ పొగ క్షారగుణంతో నోటి దగ్గరే తన పని ముగిస్తుంది. నిన్ను ఎరిగినవాడు నిన్ను మింగడు. నోట్లో నింపుకుని, తిప్పి, వదిలేస్తాడు. 

నీకు ఉప్పు గిట్టదు. నేలలో క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు. నిప్పు మధ్యలో ఆరిపోతుంది, బూడిద నల్లగా ముద్దవుతుంది. పొటాషు సమృద్ధిగా దొరికితే నిప్పు నిలకడగా సాగుతుంది. ఒండ్రు నేలను, తీపి నీటిని నువ్వు కోరుకునేది అందుకే. ఏ ఏడు ఏ లంక మీద ఎంత ఒండ్రు పడుతుందో గోదావరికే తెలుసు. ఒక ఏడు పెరిగిన లంక మరో ఏడు కోసుకుపోతుంది. నాటిన నారు మీదికి ఆలస్యపు వరద వస్తే ఆ ఏటికి నువ్వు లేవు.

లోకంలో ఖరీదైన చుట్టల పేరు చెబితే అందరూ క్యూబా వైపు చూస్తారు. 1492లో కొలంబస్ మనుషులు ఆకుచుట్టలు కాల్చే జనాన్ని చూసింది ఆ దీవిలోనే. పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో నేల పొగాకుకు కాశీ. 2000 నుంచి అక్కడి హబానోస్ కంపెనీ ఏటా కొన్ని చుట్టల్ని పరిమితంగా విడుదల చేస్తోంది. మొక్క పైభాగపు ఆకును కనీసం రెండేళ్లు నిలవ ఉంచి, దాన్నే పైచుట్టుగా వాడతారు. వాటిని తేమ చెదరని చెక్క పెట్టెల్లో దాచుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఆ ఆకు గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. నేలను నమ్మి, కాలాన్ని నమ్మి చేసిన ఏ పనికైనా చేతులు జోడిస్తాను. అయితే అక్కడ ఎంత విడుదల చేయాలో మనుషులు కూర్చుని నిర్ణయిస్తారు. నీ లెక్క వరద తేలుస్తుంది. నీకు బంగారు కాగితపు ఉంగరం లేదు, పెట్టె మీద అంకె లేదు. మా చిన్నరసానికీ అవేమీ లేవు. పూత మీద మబ్బు పట్టి తేనెమంచు పురుగు వాలితే ఆ ఏడు కాపు అంతంతమాత్రమే, చేతికొచ్చే కాయ మీద ఈదురుగాలి వీస్తే అదీ లేదు. ప్రకృతి పెట్టిన హద్దు కన్నా గొప్ప ముద్ర ఏ కంపెనీ వేయగలదు?

నిన్ను చుట్టడం దగ్గర కూర్చుని చూడాలి. మా కాపలా తాత ముందుగా ఆకును తడిగుడ్డలో పెట్టి పదునుకు తెస్తాడు. మోకాలి మీద పరిచి అరచేత్తో నిమురుతాడు. ముడత పోతుంది, నరాలు తేరుతాయి. కొస దగ్గర ఈనెను గోటితో పట్టుకుని, ఆకు చిరగకుండా, మెలమెల్లగా కాడ దాకా లాగేస్తాడు. ఆకు రెండు బద్దలవుతుంది. బాగున్న బద్దను పక్కన పెట్టి, చిరుగులూ ముక్కలూ పొడుగ్గా పేర్చి గుప్పిట్లో కూరుతాడు. ఇక్కడే ఉంది పనితనమంతా. బిగిస్తే పొగ రాదు, వదులైతే నాలుక కాలుతుంది. బొటనవేలు ఆ పేర్పు మీద నడుస్తూ ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ బోలు ఉందో చదువుతుంది. ఆ తర్వాత దాచిన బద్దను ఏటవాలుగా చుట్టుకుంటూ పోయి, కొసను తడిపి అదిమి, ఒక పోగు దారం కట్టి, రెండు చివర్లూ కత్తితో తెగ్గోస్తాడు. ఒక రాత్రి అలా ఒకటి ముగించి నా చేతికిచ్చి, "తొందరపడకు బాబూ, అది నీకోసం ఇన్నాళ్లు ఆగింది, నువ్వో క్షణం ఆగు" అన్నాడు. రుచి చూడటం గురించి అంతకన్నా మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆగాను. వెలిగించకముందే వాసన చూశాను. పైన ఎండుగడ్డి, దాని కింద తొలకరి మట్టి, అన్నిటి అడుగునా పాతబెల్లం. పెదాల మధ్య పెట్టి నిప్పు లేకుండానే ఒకసారి పీలిస్తే నాలుక కొస మీద సన్నటి వగరు. పెంకు మీద రాజుకుంటున్న మామిడి పుల్లల నిప్పు దగ్గరికి తెచ్చాడు తాత. మంటను తగలనివ్వకుండా, నిప్పు సెగ మీదే, వేళ్లతో తిప్పుతూ అంచంతా సమంగా ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి. ఎర్రబడ్డాక మొదటి దమ్ము.

మొదటి పాలులో నువ్వు ఎవరినీ బుజ్జగించవు. మిరియం కారం నాలుక అంచుల మీద గుచ్చుతుంది. పైనోటికి వగరు తగులుతుంది. అలవాటు లేనివాడు దగ్గి అక్కడే ఆగిపోతాడు. దమ్ముకీ దమ్ముకీ నడుమ నిమిషం పాటు నిన్ను నీ మానాన వదిలేస్తే ఆ కారం నెమ్మదిస్తుంది. గబగబా పీలిస్తే కోపగించుకుంటావు, నిప్పు వేడెక్కి రుచి చేదెక్కుతుంది. 

రెండో పాలులో తలుపు తీస్తావు. వేయించిన వేరుశనగ, మాడీమాడని కాఫీ, ఇప్పపువ్వు తీపి. కొద్దిగా పొగను ముక్కు గుండా వదిలితే ఒండ్రు వాసన వస్తుంది, నీరు తీసిన ఏటి ఒడ్డు మీద నిలబడితే వచ్చేదే అది. అంతకుముందు తిన్న రసం తాలూకు తీపి చిగుళ్ల మీద ఇంకా ఉంటే, దాని తొక్క దగ్గరి జీడివగరు నీ వగరును గుర్తుపట్టి పలకరిస్తుంది. ఎర్రనేల రుచీ ఒండ్రునేల రుచీ ఒకే నోట్లో కలుసుకున్న ఆ రాత్రి, కృష్ణకూ గోదావరికీ నడుమ ఉన్న ఈ సీమ మొత్తం నాకు రుచిగా అర్థమైంది. 

అప్పటికి బూడిద వేలి కణుపంత పొడవు నిలిచింది. తెల్లగా, నెరలు నెరలుగా, ఆకు నరాల గీతలు కూడా చెరగకుండా. తాత దాన్ని దులపనివ్వలేదు. దానంతట అదే రాలాలన్నాడు. బూడిద నిలబడిందంటే చుట్టిన చెయ్యి మంచిది, నిలకడగా తెల్లబడిందంటే నేల మంచిది. మూడో పాలులో ఘాటు పెరుగుతుంది. నుదుటి మీద చెమట పోస్తుంది, మాట తగ్గుతుంది. ఆశపడి చివరంటా లాగేవాడికి చేదే మిగులుతుంది. తెలిసినవాడు అక్కడితో నిన్ను పక్కన పెడతాడు. కాలితో నలపడు. పీక తనంతట తాను చల్లారేదాకా చూస్తాడు.

నీ పేరు ఊళ్లు దాటింది, సముద్రాలూ దాటింది. పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చిన మొక్క నువ్వు. సుమారు మూడు వందల ఏళ్లకే లండన్ నవలల్లోకి నడిచావు. ఆర్థర్ కానన్ డాయల్ రాయగా 1890లో అచ్చయిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదలను విడదీసి గ్రంథం రాశానంటాడు. హంతకుడు కాల్చింది భారతదేశపు లంక చుట్ట అని తేలితే వెతకవలసిన చోటు ఎంత తగ్గుతుందో వాట్సన్‌కు విడమరిచి చెబుతాడు. తాత దులపనివ్వని ఆ బూడిదనే అంత పెద్ద డిటెక్టివు సాక్ష్యంగా నిలబెట్టాడు. ఇక మన ఇంట్లో, గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట మహిమను చాటుపద్యంతో సహా వెంకటేశానికి బోధించాడు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే తొణికిన చుక్క పొగాకు మొక్కయిందని ఆ కథ. పరాయి దేశపు మొక్కకు పురాణం కట్టి ఇంటిపేరు ఇచ్చుకున్నారు మనవాళ్లు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడని సామెత చెప్పారు. నిన్ను ఎంత ప్రేమించారో, నీ మీద మోజు ఎంత గుడ్డిదో, రెంటినీ ఎరిగిన జాతి మాది.

ఆ గుడ్డితనం మాట చెప్పకుండా స్తోత్రం ముగిస్తే అది అబద్ధం అవుతుంది. నీ ఘాటుకు మూలం నికోటిన్. పురుగు నుంచి తనను కాచుకోవడానికి మొక్క తనలో తయారుచేసుకున్న విషం అది. పొగాకు కషాయం కాచి చేల మీద, తోటల మీద చల్లినవాళ్లు దాని బలం చూశారు. రసం పీల్చే పురుగులు రాలిపోతాయి. పురుగును రాల్చింది మనిషిని వదలదు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఎందరో అమ్మలు అడ్డపొగ తాగారు. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పనిపాటలు చేసుకున్నారు. అంగిలి కాలి, పుండు పడి, అది క్యాన్సర్ అయి వాళ్లలో ఎందరినో తీసుకుపోయింది. ప్రపంచంలో పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చుట్ట పొగను మింగకపోయినా నోటికీ గొంతుకూ గుండెకూ ముప్పు తప్పదు. మన దేశంలో 2003లో పొగాకుపై చట్టం వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి నలుగురు తిరిగే చోట పొగ తాగడంపై నిషేధాన్ని గట్టిగా అమలులోకి తెచ్చారు. రెండూ మంచి పనులే. నిన్ను ప్రేమించినవాడిగా ఈ మాట నేనే అనాలి, ఇంకెవరో అనే దాకా ఆగకూడదు.

అందుకే చదివేవాళ్లకు నా విన్నపం. పొగ అలవాటు లేనివాళ్లు దీన్ని చదివి మొదలుపెట్టవద్దు. ఉన్నవాళ్లు మానగలిగితే మానండి. మీ తాతో నాన్నో చుట్ట కాల్చినవారైతే, ఆయన ఆకు ఎక్కడి నుంచి తెచ్చుకునేవాడో, పదును ఎలా చూసేవాడో, ఎవరి చేతి చుట్టను మెచ్చుకునేవాడో ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. 1947లో రాజమండ్రిలో వెలసిన పొగాకు పరిశోధన సంస్థ విత్తనాన్నీ సాగునూ కాగితం మీద పెట్టింది. మండె వేడిని అరచేత్తో కొలిచిన రైతు, ఈనెను చిరగకుండా లాగిన తాత ఏ కాగితంలోనూ లేరు. లంకల్లో కూరగాయలూ పూలూ అరటీ పొగాకును వెనక్కి నెడుతున్నాయి. రైతుకు అది మేలే, నేలకూ మేలే. పంట పోతే పోనీ, పనితనం పేరు లేకుండా పోకూడదు.

లంకాకు చుట్టా, తెలుగు నేల పండించిన మహా రుచుల్లో నీది ఒకటి. అమృతమని కథ కట్టినవాళ్లూ నిజమే చెప్పారు, విషమని చట్టం చేసినవాళ్లూ నిజమే చెప్పారు. మా చిన్నరసం సరసన కూర్చోదగిన రుచి ఈ గడ్డ మీద ఇంకేది అని నన్నడిగితే, నేను చెప్పేది నీ పేరే.